బస్సు దిగగానే మార్కులు అడగకండి



ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు దగ్గర పడితే కొందరు పిల్లలు పొద్దున తినకుండా వస్తారు, కడుపునొప్పి అంటారు. ప్రతిసారీ అది సాకు కాదు. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరుగుదల మందగిస్తుంది. కాబట్టి ఆ నొప్పి నిజమైనదే. తరచూ వస్తుంటే డాక్టరుకు చూపించండి.

ముందు నిద్ర సంగతి చూడండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పొద్దున ఏడింటికి బస్సెక్కే పిల్లల్ని రాత్రి పదకొండు దాకా చదివిస్తే ఈ లెక్క కుదరదు. చదివింది మెదడులో నిలబడేది కూడా నిద్రలోనే. అదనపు గంట చదువు కన్నా ఆ గంట నిద్రే మేలని నా అభిప్రాయం.

భయంగా ఉందంటే పక్కన కూర్చోబెట్టుకోండి. నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలమనండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. మీరూ చేయండి, మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.

మన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వచ్చేదే రెండేళ్లకోసారి. టెస్టు ఉందని ఒక్క సాయంత్రమైనా తీసుకెళ్లకపోవడం సబబు కాదు. (టీచర్ రాయాల్సిన మాటేనా అనుకోకండి!)

ఇంటికి రాగానే "ఎన్ని వచ్చాయి?" అనే ముందు "తిన్నావా?" అనండి. మార్కులు అన్నం తిన్నాక అడగొచ్చు.

రోజుల తరబడి ఎవరితో మాట్లాడకపోయినా, బతకాలని లేదన్నా తిట్టకండి, తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ మనసు బాగోకపోయినా చేయొచ్చు.