5.4 యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక: భద్రత, ఫైల్ సిస్టమ్

గత విభాగంలో ఫైల్ అనుమతుల గురించి తెలుసుకున్నారు. అయితే అనుమతులు సక్రమంగా ఉన్నంత మాత్రాన సమాచారం సురక్షితమని చెప్పలేం. సమాచారానికి రెండు రకాల ప్రమాదాలున్నాయి. ఒకటి, అనుమతి లేని వ్యక్తులు, ప్రోగ్రాముల వల్ల కలిగేది. రెండోది, కరెంటు పోవడం, డిస్క్ పాడవడం వల్ల కలిగేది. మొదటిదాన్ని భద్రతా ఏర్పాట్లు, రెండోదాన్ని ఫైల్ సిస్టమ్ ఎదుర్కొంటాయి. ఒకదానిలో ముందున్న వ్యవస్థ రెండోదానిలోనూ ముందుండాలన్న నియమం లేదు.

5.4.1 ఓపెన్‌బీఎస్‌డీ

ఇది 1995లో నెట్‌బీఎస్‌డీ నుంచి విడిపోయి ఏర్పడింది. అవసరం లేని సేవలను మొదటినుంచే ఆపి ఉంచడం దీని పద్ధతి. 2016లో ఇందులో 'ప్లెడ్జ్' అనే సౌకర్యం వచ్చింది. ప్రోగ్రాము తనకు ఏ రకమైన పనులు అవసరమో ముందే ప్రకటిస్తుంది. ఆ హద్దు దాటితే కెర్నల్ దాన్ని వెంటనే ఆపేస్తుంది. అయితే దీని ఫైల్ సిస్టమ్ ఎఫ్‌ఎఫ్‌ఎస్‌లో జర్నల్ లేదు. కరెంటు హఠాత్తుగా పోతే, తిరిగి ప్రారంభమయ్యేటప్పుడు 'ఎఫ్‌ఎస్‌సీకే' డిస్క్‌ను తనిఖీ చేయాలి. పెద్ద డిస్క్ అయితే ఇందుకు చాలా సమయం పడుతుంది.

5.4.2 ఫ్రీబీఎస్‌డీ

2000లో వచ్చిన 'జైల్' సౌకర్యం ఒక్కో సేవను విడి గదిలో ఉంచినట్లు వేరు చేస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ 2008 నుంచి ఇందులో లభిస్తోంది. జెడ్‌ఎఫ్‌ఎస్ పాత సమాచారం మీదే కొత్తది రాయదు. వేరే చోట రాసి, ఆ తర్వాతే సూచికను మారుస్తుంది. ప్రతి బ్లాకుకు చెక్‌సమ్ ఉంచుతుంది. చదివినప్పుడు అది సరిపోలకపోతే, రెండో డిస్క్‌లోని ప్రతి ఆధారంగా సరిచేస్తుంది. ఒకే డిస్క్, ఒకే ప్రతి ఉంటే దోషాన్ని గుర్తించగలదే గాని సరిచేయలేదు.

5.4.3 లినక్స్

సెలినక్స్, యాప్ఆర్మర్ వంటివి రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రామునకు కూడా హద్దులు విధించగలవు. విస్తృతంగా వాడే ఎక్స్‌ట్4లో జర్నల్ ఉన్నందువల్ల కరెంటు పోయినా త్వరగా కోలుకుంటుంది. కాని ఫైళ్లలోని సమాచారానికి చెక్‌సమ్ ఉండదు.

5.4.4 ఎంపిక ఎలా?

ఒక కళాశాలను ఉదాహరణగా తీసుకుందాం. ఇంటర్నెట్ ద్వారం వద్ద ఉండే కంప్యూటర్‌లో దాచే సమాచారం తక్కువ, దాడులు ఎక్కువ. దానికి ఓపెన్‌బీఎస్‌డీ తగినది. మార్కుల రికార్డులుండే సర్వర్ సంగతి వేరు. డిస్క్ దోషం వల్ల 72 కాస్తా 12గా మారితే, అనుమతులు దాన్ని ఆపలేవు. ఎక్స్‌ట్4 కూడా పసిగట్టలేదు. ఇక్కడ రెండు డిస్కులతో జెడ్‌ఎఫ్‌ఎస్ మేలు. విద్యార్థుల ప్రయోగశాలకు, నిర్వహించగల సిబ్బంది సులభంగా దొరికే లినక్స్ చాలు.

ఏది ఎంచుకున్నా, వేరే చోట బ్యాకప్ ఉంచడం తప్పనిసరి. పొరపాటున చెరిపేసిన ఫైల్ రెండో డిస్క్‌లోనూ చెరిగిపోతుందని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జర్నల్‌కు, చెక్‌సమ్‌కు గల తేడా ఏమిటి?
2. రెండు డిస్కులున్నా బ్యాకప్ ఎందుకు అవసరం?