పల్లెకు తారుబాట

విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయింది. 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వెలసింది. అక్కడి నుండి సాగే కాలువలు డెల్టా పొలాలను సస్యశ్యామలం చేస్తున్నాయి. అయితే పంటకు ప్రాణమైన నీరే దారికి శత్రువు.

నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఆ కదలికకు పైనున్న రోడ్డు కుంగిపోతుంది. వానాకాలంలో డొంకదారి బురదమయమైతే ధాన్యపు బస్తాలు కల్లంలోనే నిలిచిపోతాయి. రోగి ఆసుపత్రికి చేరడం గగనమవుతుంది. గ్రామాలకు అన్ని కాలాలలో పనికివచ్చే దారులు కల్పించే ఆశయంతో 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమైంది.

పల్లె రోడ్డు నిర్మాణంలో మొదట మట్టికట్టను పరిసర నేల కన్న ఎత్తుగా పోసి గట్టిపరుస్తారు. దానిపై గ్రావెల్, ఆపై కంకర పొరలుగా పరచి రోలరుతో అణచుతారు. డెల్టాలో రాయి అరుదు కనుక కంకరను దూరపు కొండప్రాంతాల నుండి తెచ్చుకోవాలి. దుమ్ము ఊడ్చిన కంకర తలంపై వేడి తారును పలుచగా చిమ్మి, అది చల్లారక ముందే సన్నని చిప్స్ చల్లి, మళ్లీ రోలరు నడుపుతారు.

ఈ తారుపూత మందం ఒక చిప్ మందానికి మించదు. బండ్ల బరువును మోసేది అడుగునున్న కంకర. తారు గొడుగువలె వాననీటిని లోనికి దిగనీయదు. పూతలో చిన్న గుంత పడినా నీరు పునాదికి చేరుతుంది. అందుచేత రోడ్డు నడుమ ఎత్తుగా, ఇరుప్రక్కలకు వాలుగా ఉండాలి. అంచుల వెంట మురుగుకాలువ పూడిపోకుండా చూడాలి. గుంతలను ఎప్పటికప్పుడు పూడ్చాలి. మురుగుకాలువను మరచిన ఊరి తారుబాట కొద్ది వానలకే మళ్లీ డొంకగా మారుతుంది.