హారంలో ఎవరున్నారు?

భద్రాచలం నుంచి చింతూరు రోడ్డు ఎక్కితే కాసేపటికే ఎటపాక వస్తుంది, రాష్ట్రం మారిపోతుంది. 2014 రాష్ట్ర విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణకు మిగిలింది, దాన్ని ఆనుకున్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. జ్వరానికైనా కాన్పుకైనా ఆ పల్లెల జనం ఇప్పటికీ భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వస్తుంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచీ వస్తారు. ఎటపాక మనిషికి ఇక్కడ షుగర్ పరీక్ష చేశారనుకోండి. ఫలితం తెలంగాణ లెక్కలో పడుతుంది. ఆయన సొంతూరి ఏఎన్ఎం దగ్గరున్న జాబితాలో, ఎవరో పనిగట్టుకుని ఎక్కిస్తే తప్ప, ఆయన పేరు ఎదురుగా గడి ఖాళీయే. ఖాళీ గడిని కంప్యూటర్ ‘పరీక్ష కాలేదు’ అనే చదువుతుంది.

బరువు ఎక్కువున్న పెద్దవాళ్లలో ఎంతమందికి షుగర్ పరీక్ష జరిగింది? ఆరోగ్య రికార్డుల నుంచి ఈ జవాబు తీయడం పైకి బడి లెక్కలాగే ఉంటుంది. బరువెక్కువ వాళ్లు హారం, వాళ్లలో పరీక్ష అయినవాళ్లు లవం. ముందే షుగర్ ఉందని తేలినవాళ్లను రెండింటి నుంచీ తీసేయాలి. లవం గురించి అందరూ మాట్లాడతారు. నా మటుకు నాకు అసలు తిరకాసు హారంలోనే కనిపిస్తుంది.

బరువెక్కువ అంటే ఎంత? కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 155 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల బరువున్న స్త్రీకి అది సుమారు 24. అంతర్జాతీయ గీత 25 కాబట్టి ఆ లెక్కన ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. మన డాక్టర్లు భారతీయులకు పెట్టుకున్న గీత 23. ఆ లెక్కన ఆమె హారంలోకి వస్తుంది. ఈ తేడా ఎందుకో చూపే ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

గీత కుదిరినా, గీసేందుకు ఎత్తు తెలియాలి కదా! ఓపీ చీటీ మీద బరువు, బీపీ రాస్తారు. ఎత్తు రాసే ఓపిక, తీరిక తక్కువ. ఒక సబ్‌సెంటర్ పరిధిలో 30 ఏళ్లు దాటినవాళ్లు వెయ్యి మంది ఉన్నారనుకుందాం. బరువు, ఎత్తు రెండూ నమోదైనవాళ్లు 400. వాళ్లలో బరువెక్కువ 160 మంది, పరీక్ష అయింది 120 మందికి. అంటే 75 శాతం, రిపోర్టు చూడముచ్చటగా ఉంటుంది. మిగిలిన 600 మందిలోనూ అదే పాళ్లలో 240 మంది బరువెక్కువ ఉండి, ఒక్కరికీ పరీక్ష కాలేదనుకోండి. అప్పుడది 120 బై 400, అంటే 30 శాతం. ఇది మరీ విపరీతమైన ఊహేం కాదు. ఎత్తు కొలిచిన రోజే వేలికి సూది గుచ్చి షుగరూ చూస్తారు. ఆసుపత్రి గడప తొక్కనివాళ్లకు రెండూ ఉండవు.

ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చే ఫారంలో మాత్రం బీఎంఐ లేదు, టేపు కొలత ఉంది. స్త్రీకి నడుము 80 సెంటీమీటర్లు, పురుషుడికి 90 దాటితే ఒక మార్కు, ఇంకో పది దాటితే రెండు. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా అన్నవాటికి విడిగా మార్కులు. మొత్తం నాలుగు దాటితే ముందు వాళ్లను పంపాలి. కానీ నిబంధన ప్రకారం 30 దాటిన అందరికీ ఏటా పరీక్ష చేయాల్సిందే. వేళతో సంబంధం లేకుండా చూసిన షుగర్ 140కి తగ్గకపోతే పీహెచ్‌సీకి పంపాలి. అమెరికా నిపుణుల బృందం 2021లో చెప్పింది వేరు: 35 నుంచి 70 ఏళ్ల లోపు బరువెక్కువ వాళ్లకు, మూడేళ్లకోసారైనా సరిపోవచ్చని. రెండేళ్ల కిందట పరీక్ష చేయించుకున్న మనిషి అక్కడి లెక్కలో ఉత్తీర్ణుడు, ఇక్కడి లెక్కలో బకాయి.

అడవి అంచున ఇంకో చిక్కుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ గూడేల్లో బక్కపలచని మనిషికీ షుగర్ రావచ్చు. పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో టైప్ 5గా గుర్తించింది. బరువునే జల్లెడగా పట్టే లెక్క ఇలాంటివాళ్లను మొదట్లోనే వదిలేస్తుంది. కోయల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు జన్యువూ ఉంది. ఆ జబ్బున్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు మామూలుగా బతికే 120 రోజులు బతకవు, వాటికి చక్కెర అంటుకునే వ్యవధీ తగ్గుతుంది. దాంతో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. రికార్డులో ‘పరీక్ష అయింది, మామూలే’ అని ఉంటుంది. ఇలాంటి చోట పరగడుపు షుగరే నమ్మదగ్గది.

ఇక 2005 తర్వాత సల్వాజుడుం గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి అడవిలో గూడేలు వేసుకున్న గుత్తికోయలున్నారు. ఇంటింటి జాబితాకు ఎక్కని కుటుంబం హారంలోనే ఉండదు, కాబట్టి వాళ్లకు పరీక్ష చేయకపోయినా శాతం తగ్గదు. మొదట్లో చెప్పిన ఎటపాక మనిషి సంగతి తేల్చడానికైతే 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరు ఉంది. రాష్ట్రం ఏదైనా రికార్డులన్నీ ఒకచోట కలవాలన్నది దాని ఉద్దేశం. ఓపీ కౌంటర్లో ఆ నంబరు అడిగి, పరీక్ష ఫలితాన్ని దానికి జతచేసినప్పుడే అది పనికొస్తుంది. ఈలోగా జిల్లా రిపోర్టులో శాతం పక్కన ఇంకో అంకె అచ్చు వేయడానికి కొత్త యంత్రాలేం అక్కర్లేదు: ఎత్తు, బరువు, నడుము కొలత ఏదీ నమోదు కానివాళ్లు ఎంతమంది అన్నది.