సాల్మన్ల రాజు, మన సావళ్లు

సెప్టెంబరు నెలాఖరులో రెడ్‌మండ్ ఊళ్లోంచి పారే బేర్ క్రీక్ గట్టున కాసేపు ఓపిగ్గా నిలబడితే, మోకాలి లోతు నీళ్లలో మూరెడుకి మించిన చేపలు ఎదురీదుతూ కనిపిస్తాయి. ఒళ్లంతా గీరుకుపోయి, రెక్కల అంచులు చిరిగి, రంగు మారిపోయి ఉంటాయి. అవి సాల్మన్లు. పసిఫిక్ మహాసముద్రంలో ఏళ్ల తరబడి తిరిగి, హువాన్ డి ఫ్యూకా జలసంధి దాటి, ప్యూజెట్ సౌండ్‌లోకి వచ్చి, సియాటిల్‌లో బ్యాలార్డ్ లాకుల పక్కన కట్టిన చేపల మెట్లెక్కి, వాషింగ్టన్ సరస్సు ఈది, సమామిష్ నది పట్టుకుని ఇక్కడిదాకా వస్తాయి. గుడ్లు పెడతాయి, చచ్చిపోతాయి.

గోదావరి వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎర్రనీరు సముద్రంలో పడగానే ఇలస నదిలోకి ఎదురెక్కి పులస అవుతుందని ధవళేశ్వరం దిగువన పసిపిల్లలకి కూడా తెలుసు. వాగు మీది వంతెన దగ్గర మధ్యాహ్నం నడకకి వచ్చిన మనవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిస్తే, మాట సాల్మన్ దగ్గర మొదలై పులస దగ్గర తేలుతుంది. పుస్తెలమ్మైనా తినాలనిపించే చేప ఒకటి ప్రతి నదికీ ఉంటుంది కాబోలు.

రెడ్‌మండ్ అంటే ఇప్పుడు అందరికీ మైక్రోసాఫ్ట్. ఆ సంస్థ ఇక్కడికి వచ్చింది 1986లో. అంతకు వందేళ్లకి పైగా ముందు, 1871లో ల్యూక్ మెక్‌రెడ్‌మండ్, వారెన్ పెరిగో కుటుంబాలు వచ్చి స్థిరపడిన తొలిరోజుల్లో ఈ చోటుని సాల్మన్‌బర్గ్ అనేవారు. వాగులో అన్ని చేపలుండేవి మరి. ఇంకా వెనక్కి వెళ్దాం. బేర్ క్రీక్‌ని బాగుచేసే పనుల కోసం నేలని పరిశీలిస్తుంటే, పీట్ నేల పొర కింద పదివేల ఏళ్లకి పైబడిన రాతి పనిముట్లు వేలకొద్దీ బయటపడ్డాయి. వాటితోపాటు సాల్మన్ ఎముక ముక్కలూ దొరికాయి. అంటే ఇక్కడ మనుషులు పదివేల ఏళ్లుగా ఈ చేప రాకకోసం ఎదురుచూస్తున్నారు. ప్యూజెట్ సౌండ్ చినూక్ సాల్మన్‌ని 1999లో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది కాబట్టి ఆ ఎదురుచూపులో ఇప్పుడు కొంత బెంగ కూడా కలిసింది.

ఈ సాల్మన్లకి ఒక రాజు ఉన్నాడు. ఆ రాజు సాల్మన్ కాదు, నదిలోకి రాడు. వందల మీటర్ల లోతున చీకట్లో బతికే సన్నటి వెండి చేప అది.

వాకిట్లో ఉన్నవాళ్ల మాట

వాషింగ్టన్ రాష్ట్రానికి వాయవ్యపు కొసన, కేప్ ఫ్లాటరీ దగ్గర నియా బే అనే ఊరుంది. మకా ప్రజల ఊరు. ప్యూజెట్ సౌండ్‌కి వచ్చే సాల్మన్లలో ఎన్నో ఆ ఊరి ముందున్న జలసంధిలోంచే లోపలికి రావాలి. ఇంటికి ఎవరు వస్తున్నారో వాకిట్లో కూచున్నవాళ్లకే ముందు తెలుస్తుంది. మకా వాళ్లు చెప్పే మాట ఇది: పట్టీలా పొడవైన, వెండిలా మెరిసే ఒక చేప సాల్మన్లకి దారి చూపిస్తూ ముందు నడుస్తుంది, ఏటేటా వాటిని నదుల్లోకి తీసుకొచ్చేది అదే, దాన్ని చంపితే సాల్మన్లు రావడం మానేస్తాయి. అందుకని వలలో పడినా దాన్ని తినరు.

ఇంగ్లీషులో ఆ చేప పేరు ఇవాళ్టికీ కింగ్ ఆఫ్ ద సాల్మన్. పుస్తకాల్లో, మ్యూజియం సీసాల మీద, ప్రభుత్వ జాబితాల్లో కూడా అదే వాడుక పేరు. శాస్త్రీయ నామం ట్రాకిప్టెరస్ ఆల్టివెలిస్. అలస్కా సింధుశాఖ నుంచి చిలీ దాకా తూర్పు పసిఫిక్ అంతటా ఉంటుంది. మామూలుగా మనిషి కంటపడదు. అప్పుడప్పుడూ ట్రాలర్ వలల్లో వస్తుంది, ఎప్పుడో ఒకసారి ప్యూజెట్ సౌండ్ ఒడ్డుకి కొట్టుకొస్తుంది. అలా కొట్టుకొచ్చినప్పుడల్లా ఒడ్డున మూగినవాళ్ల మధ్య ఒకటే ప్రశ్న: ఇదేం చేప?

ఎలా గుర్తుపట్టాలి

పొడవు ఆరడుగుల దాకా పెరుగుతుంది. ఒళ్లు కత్తిరేకులా పలచన. పక్క నుంచి చూస్తే వెడల్పైన పట్టీ, ఎదురుగా చూస్తే సన్నటి గీత. తల దగ్గర వెడల్పుగా మొదలై తోకవైపు పోనుపోను సన్నబడుతుంది. చర్మం మీది వెండిపూత ఎంత సుకుమారమంటే చేత్తో తాకితే వేళ్లకి అంటుకుంటుంది. తల వెనక నుంచి తోక మొదలు దాకా వీపు పొడవునా ఒకటే రెక్క, ఎర్రటి ఎరుపు. అందులో నూటయాభైకి పైగా పుల్లలుంటాయి. చేపలు చదివేవాళ్లు ముందు చేసే పని ఆ పుల్లల్ని లెక్కపెట్టడమే. రంగు చావుతో పోతుంది, పొడవు వయసుతో మారుతుంది. లెక్క మాత్రం పెద్దగా మారదు.

తర్వాత పొట్ట కింద చూడాలి. మామూలు చేపకి మలద్వారం వెనక ఒక రెక్క ఉంటుంది. దీనికి ఉండదు. ఆపైన తోక. ఈ ఒక్క చేపని గుర్తుపట్టడానికి ఒకే ఒక్క ఫోటో తీసే వీలుంటే నేను తోకనే తీస్తాను. తోకరెక్కలో కింది సగం లేనట్టే లెక్క, పై సగం మాత్రం చిన్న విసనకర్రలా ఆకాశంవైపు నిక్కి ఉంటుంది. పిల్ల చేపలకైతే వీపు పక్కన నల్లటి మచ్చలు వరసగా ఉంటాయి, పెద్దయ్యాక మాసిపోతాయి.

చాలామంది దీన్ని ఓర్‌ఫిష్ అనుకుంటారు. దగ్గరి చుట్టమే గాని అది వేరు. ఓర్‌ఫిష్ ఇంతకంటే ఎంతో పొడవు పెరుగుతుంది, తలమీద ఎర్రటి కుచ్చు, గొంతు కింద తెడ్లలా వేలాడే రెండు పొడవాటి రెక్కలు ఉంటాయి. లోతు నీళ్లలో సన్నటి చేప ఇంకొకటి స్నైప్ ఈల్. బొంగరం తాడులాంటి ఒళ్లు, కొంగముక్కులా విచ్చుకున్న మూతి, వెన్నులో 750కి దగ్గరగానో ఇంకా ఎక్కువగానో పూసలు. దాన్ని చూసినవాళ్లు ఇంకోదానితో పొరబడే ప్రసక్తే లేదు.

ఇక మనవాళ్లు పొరబడే చేప ఒకటుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్ చూసినవాళ్లెవరైనా కింగ్ ఆఫ్ ద సాల్మన్ బొమ్మ చూడగానే, అరే, మన సావళ్లేగా అంటారు. గోదావరి జిల్లాల వాళ్లయితే సావిడాయి అంటారు, ఎండబెట్టి పులుసు పెట్టిన రోజులు గుర్తుచేసుకుంటారు. మొదటిసారి నాకూ అలాగే అనిపించింది. ఇంగ్లీషులో రెండిటినీ రిబ్బన్‌ఫిష్ అంటారు కాబట్టి ఆ పొరపాటు ఇంకా బలపడుతుంది. కాని మన సావళ్లకి తోకరెక్క అసలు లేదు, ఒళ్లు చివర కొరడాలా సాగి ఆగిపోతుంది. నోట్లో కోరపళ్లు, వల విప్పేటప్పుడు వేలు తగిలితే నెత్తురే. సాల్మన్ల రాజుది ముందుకి సాగి తెరుచుకునే మెత్తటి నోరు. సావళ్లకి దగ్గరి బంధువులు కానాగుర్తలు, ట్యూనాలు. రాజుకి బంధువులు ఓర్‌ఫిష్‌లు. ఒకే ఆకారం రెండు వేరే వంశాల్లో వేరువేరుగా తయారైంది. చేపల్ని వర్ణించేవాళ్లు పుల్లలు, పూసలు, పళ్లు లెక్కపెట్టుకుంటూ కూచునేది ఇందుకే. ఆకారాన్ని నమ్మితే రక్తసంబంధం తప్పిపోతుంది.

పోయిన పేరు, నిలిచిన పేరు

ట్రాకిప్టెరస్ ఆల్టివెలిస్ అన్న పేరు పెట్టింది ఆస్ట్రియాకి చెందిన రుడాల్ఫ్ క్నెర్, 1859లో. ఆయన చేతికి వచ్చిన చేప చిలీలోని వాల్పరైసో నుంచి వచ్చింది. ట్రాకిప్టెరస్ అంటే గరుకు రెక్క, ఆల్టివెలిస్ అంటే ఎత్తైన తెరచాప. ఎర్రటి వీపురెక్కని చూసి పెట్టిన పేరు. అందమైన పేరే, కాదనను.

కొన్ని దశాబ్దాల తర్వాత, 1894లో, డేవిడ్ స్టార్ జోర్డాన్, చార్లెస్ గిల్బర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియా తీరంలో దొరికిన చేపని కొత్త జాతిగా వర్ణించారు. దానికి ఏ పేరు పెట్టాలా అని చూసి మకా వాళ్ల మాటనే లాటిన్‌లోకి తెచ్చారు: రెక్స్ సాల్మనోరం, సాల్మన్ల రాజు. తీరంలో నోటిమాటగా ఉన్న పేరుకి శాస్త్రంలో పీట వేశారు. ఆ తర్వాత రెండు చేపల్నీ పక్కన పెట్టి పోల్చి చూస్తే రెండూ ఒకటే జాతి అని తేలింది. జంతువుల నామకరణంలో నియమం ఒకటే, ముందు పెట్టిన పేరు నిలుస్తుంది. క్నెర్ పేరు నిలిచింది, మకా పేరు పర్యాయపదాల జాబితాలోకి వెళ్లింది. నియమం న్యాయమైనదే, అది లేకపోతే ఒక చేపకి పది పేర్లు తిరుగుతాయి. అయినా ఈ ఒక్కచోట నాకు మనసు చివుక్కుమంటుంది. వేల ఏళ్లుగా ఆ చేపని చూస్తున్నవాళ్ల మాట ముప్పయ్ఐదేళ్ల తేడాతో ఓడిపోయింది.

మన సావళ్ల కథ ఇంకోలా నడిచింది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. ఆయన తమ్ముడు క్లాడ్ అక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారి. రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అనేది ఈయన పేరుమీదే. కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తూ, విశాఖ తీరంలో దొరికిన చేపల్ని తెప్పించి, స్థానిక చిత్రకారుడి చేత బొమ్మలు గీయించి, 1803లో రెండు సంపుటాలుగా లండన్‌లో అచ్చువేశాడు. రెండు వందల చేపలు. ఆయన చేసిన ఒక పని వల్ల ఆ పుస్తకం మనకి ప్రత్యేకం. బొమ్మల పక్కన విశాఖలో తాను విన్న పేర్లనే రాసుకున్నాడు: సావల, కానాగుర్త, తోల్ పార, ఇలా.

ఆ బొమ్మలూ ఆ పేర్లూ పారిస్‌లో జంతుశాస్త్రవేత్త జార్జ్ కువియేకి పనికొచ్చాయి. మన కానాగుర్త 1816లో కువియే చేతుల్లో కానాగుర్తా అయింది, ఇవాళ ప్రపంచమంతా దాన్ని రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా అనే రాస్తుంది. తోల్ పార స్కాంబెరోయిడిస్ టోల్ అయింది. సావళ్లు 1829లో ట్రైక్యూరస్ సావల అయ్యాయి. తర్వాత ప్రజాతి మారి ఇప్పుడు లెప్టురాకాంతస్ సావల అంటున్నారు, కాని సావల మాత్రం చెక్కుచెదరలేదు. జపాన్‌లోనైనా, సియాటిల్‌లోనైనా ఆ చేపని పేరుపెట్టి పిలవాలంటే విశాఖ జాలరి పలికిన మాట పలకాల్సిందే. ఆ బొమ్మ గీసిన చేతి పేరు మనకి అందలేదు. రస్సెల్‌కి ఆ మాటలు చెప్పిన జాలర్ల పేర్లూ అందలేదు. వాళ్ల నోటి మాట అందింది.

సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన బర్క్ మ్యూజియం చేపల భండారం ఉంది. గుడ్లు, పిల్లలతో సహా లెక్కేస్తే కోటికి పైగా నమూనాలు. రెడ్‌మండ్ నుంచి అరగంట ప్రయాణం. ఈ ప్రాంతపు సముద్రంలో ఏయే చేపలున్నాయో తేల్చడానికి ఆ విశ్వవిద్యాలయంలోని థియోడర్ పీట్ష్, సియాటిల్‌లోనే పనిచేసిన జేమ్స్ ఓర్ చేసిన శ్రమ 2019లో మూడు పెద్ద సంపుటాలుగా వచ్చింది. జోసెఫ్ టొమెలెరీ గీసిన రంగుల బొమ్మలతో 260 జాతులు. రస్సెల్ విశాఖలో చేసిన పనికి రెండు శతాబ్దాల తర్వాతి తోబుట్టువు అనిపిస్తుంది అది.

ఒక అక్షరం పేరు

కొత్త జాతిని వర్ణించడం ఇవాళ ఎలా ఉంటుందో చూడాలంటే 2025లో జరిగింది చూడాలి. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం జెనెసియోలో పనిచేసే మెకెంజీ గెరింజర్, సహచరులు కలిసి తూర్పు పసిఫిక్ లోతుల నుంచి మూడు కొత్త స్నెయిల్‌ఫిష్‌లకి పేర్లు పెట్టారు. ఒకదాని చర్మం బుడిపెలతో ఉంటుంది. ఇంకోటి నల్లటిది, దానికి లోతునీటి చేపల శరీర రసాయనాలు చదివిన పాల్ యాన్సీ పేరు పెట్టారు. ఆయన వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కళాశాల విశ్రాంత ప్రొఫెసర్. మూడోది నల్లగా, పొడుగ్గా, రెండు పక్కలా నొక్కేసినట్టు సన్నగా ఉంటుంది. స్నెయిల్‌ఫిష్‌లు చాలావాటికి పొట్ట కింద రాళ్లకి అతుక్కునే చక్రం ఉంటుంది, దీనికది లేదు.

దాన్ని తెచ్చింది ఆల్విన్ అనే జలాంతర్గామి, కాలిఫోర్నియా తీరానికి దూరంగా, సుమారు 4,000 మీటర్ల లోతు నుంచి. ఒళ్లంతా జెల్లీలా మెత్తటి చేప, కోసి చూస్తే రూపు చెడుతుంది. అందుకని సూక్ష్మ సీటీ స్కాన్ చేసి, కత్తి తగలకుండానే ఎముకలు చూసి, పూసలూ పుల్లలూ లెక్కపెట్టారు. కొలతలు తీసుకున్నారు. డీఎన్ఏ చదివి చుట్టాల్ని వెతికారు. ఆ తర్వాతే పరిశోధన పత్రం రాశారు. పేరుకి ఆధారమైన నమూనాని మ్యూజియంలో భద్రపరచడం తప్పనిసరి, రేపు ఎవరికైనా అనుమానం వస్తే సీసా తెరిచి చూసుకోవచ్చు. రస్సెల్ కాలం నుంచి పనిముట్లు మారాయి, లెక్కపెట్టడం అలాగే ఉంది.

పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్లకి అడగడానికి ఎవరూ లేరు. ఆ లోతున వల వేసిన జాలరి లేడు, ఆ చేపని చంపొద్దని పిల్లలకి చెప్పిన అమ్మమ్మ లేదు, సంతలో గంపలో పెట్టి కేకవేసిన గొంతు లేదు. చేప దొరికిన చోటుని శాస్త్రవేత్తలు 1989 నుంచి పరిశీలిస్తున్నారు, వాళ్ల పటంలో దాని గుర్తు స్టేషన్ ఎం. చేపకి ఆ ఒక్క అక్షరమే పేరుగా పెట్టారు: పారాలిపారిస్ ఎం.