ఫీజు వద్దన్న కోచ్

పిల్లల్ని స్పోర్ట్స్ అకాడమీలో చేర్చాలనుకుంటున్నారా? ట్రోఫీలతో పాటు హాస్టల్ కూడా చూసి రండి. ఎందుకంటారా? నిక్ బొల్లెటియెరీ కథ వినండి.

లా చదువు మధ్యలో మానేసి టెన్నిస్ కోచ్ అయిన ఈ అమెరికన్, 1978లో ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో అకాడమీ పెట్టారు. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటూ, రోజూ గంటల తరబడి ఆడేవారు. మోనికా సెలెస్ అక్కడే రాటుదేలింది. పదమూడేళ్ల ఆండ్రీ అగస్సీని తండ్రి మూడు నెలల కోసమే పంపారు. అంతకుమించి ఫీజు కట్టే స్తోమత లేదు. కుర్రాడి ఆట చూసిన బొల్లెటియెరీ, డబ్బు వద్దని తన దగ్గరే ఉంచుకున్నారు. ఎంత పెద్ద మనసు! 1992లో అగస్సీ వింబుల్డన్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. మరుసటి ఏడాదే ఇద్దరూ విడిపోయారు.

బొల్లెటియెరీ 2022లో, 91వ ఏట కన్నుమూశారు. అంతకు చాలా ముందే, 2009లో వచ్చిన తన ఆత్మకథలో అగస్సీ ఆ అకాడమీని జైలుతో పోల్చారు. ఓడిపోయినవాడి అక్కసు అనుకోవడానికి లేదు. అప్పటికి ఆయన ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచి రిటైరైన ఆటగాడు.