వార్తల్లో పదం: బాక్స్‌డ్ వార్నింగ్

మందుతో ప్రాణాపాయం పొంచి ఉందంటే, దాని సమాచార పత్రంలో నల్లగీతల పెట్టె కట్టి అచ్చువేసే హెచ్చరిక ఇది. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరికల్లో దీనికి మించింది లేదు.

ఉబ్బసం మందు సాల్మెటరాల్‌కు 2003లో ఈ పెట్టె పడింది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తోడు లేకుండా ఈ తరహా మందు వాడొద్దని 2010లో తేల్చారు. 41 వేల మందికి పైగా రోగులపై పరీక్షలు ఊరటనివ్వడంతో, 2017లో రెండూ కలిసిన ఇన్‌హేలర్లకు పెట్టె తీసేశారు. 2020లో మానసిక దుష్ప్రభావాల కారణంగా మరో ఉబ్బసం మందు మాంటెలుకాస్ట్ వంతు వచ్చింది. తేలికపాటి అలర్జీ జలుబుకు దాన్ని రాయడం తగ్గించమన్నారు.

అండమాన్‌లోని శ్రీవిజయపురంలోనైనా, విశాఖలోనైనా ఎఫ్‌డీఏ మాట చట్టం కాదు; 1940 నాటి మన ఔషధ చట్టమే వర్తిస్తుంది. దుష్ప్రభావం కనిపిస్తే 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. డాక్టర్‌ను అడగకుండా ఇన్‌హేలర్ మాత్రం మానొద్దు.