బలిపీఠం దగ్గర ఆగిన కానుక

నెల మొదటి ఆదివారం. చర్చిలో ప్రభురాత్రి భోజనపు ఆరాధన జరుగుతోంది. మగవాళ్ల వైపు ముందు వరుసలో, కిటికీ పక్కన అన్న కూర్చున్నాడు. అదే వైపు చిట్టచివర, గుమ్మం దగ్గర చాప మీద తమ్ముడు కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు వాళ్ల తల్లి ఉంది. ఇద్దరు కొడుకులూ కనిపించే చోటు చూసుకుని ఆమె ప్రతివారం కూర్చుంటుంది. పాస్టరుగారు రొట్టె విరిచారు. అన్న తీసుకున్నాడు, తమ్ముడూ తీసుకున్నాడు. ఆరాధన ముగిశాక సంఘంలో అందరికీ పేరుపేరునా వందనాలు చెప్పిన ఆ ఇద్దరూ, ఒకరికొకరు ఎదురుపడకుండా చెరో గుమ్మంలోంచి బయటికి వెళ్లిపోయారు. ఆరేళ్లుగా ఇదే తంతు.

కారణం పెద్దదేమీ కాదు. తండ్రి పోయాక పొలం పంచుకున్నారు. రెండు చేల మధ్య ఒక గట్టు. ఏటా గట్టు సరిచేసేటప్పుడు అన్న పార తమ్ముడి వైపుకు కొంచెం కొంచెంగా జరిగింది. సర్వేయరు వచ్చి కొలిస్తే నాలుగు సెంట్లు తేడా వచ్చింది. మాటామాటా పెరిగింది. తమ్ముడు కోర్టుకెక్కాడు. అప్పటినుంచి తల్లి నెలకొకరి ఇంట్లో వంతులవారీగా భోంచేస్తోంది. క్రిస్మస్ రోజున ఇద్దరు కొడుకుల మధ్య కూర్చుని ఒక ముద్ద తినాలన్నది ఆమె కోరిక. ఆమె వయసు డెబ్భై దాటింది.

ఇది ఫలానా ఊరి సంగతి అని చెప్పడానికి లేదు. మన సంఘాల్లో వెతకనక్కర్లేకుండానే దొరికే కథ ఇది. పొలం గట్టు బదులు ఇంటి ప్రహరీగోడ కావచ్చు, ఆడపడుచుకు ఇస్తామని ఇవ్వని భాగం కావచ్చు, చిట్టీ డబ్బు కావచ్చు, సంఘ కమిటీ ఎన్నిక కావచ్చు. మనలో చాలామందికి మాట్లాడని మనిషి ఒకరుంటారు. ఆ మౌనానికి మనమెంతగా అలవాటుపడ్డామంటే, అది మన ఆరాధనకు అడ్డమన్న ఆలోచనే మనకు రాదు. కాని ప్రభువుకు వచ్చింది.

కొండమీద ప్రసంగంలో ఆయన ఒక సన్నివేశాన్ని మన కళ్లముందు ఉంచాడు (మత్తయి 5:23,24). ఒక భక్తుడు బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చాడు. సరిగ్గా అప్పుడే, తన సహోదరుడికి తనమీద ఏదో అభ్యంతరం ఉందని అతనికి గుర్తొచ్చింది. అలాంటప్పుడు కానుకను అక్కడే వదిలి వెళ్లమని, ముందు సమాధానపడి ఆ తర్వాతే వచ్చి దానిని అర్పించమని ప్రభువు ఆజ్ఞాపించాడు. చిన్నప్పటినుంచి ఎన్నోసార్లు విన్న మాటలే కాబట్టి వీటి బరువు మనకు తెలియడం లేదు. మొదటిసారి విన్నవాళ్లకు మాత్రం తెలిసే ఉంటుంది.

ఎందుకంటే ప్రభువు ఈ మాటలు చెప్పింది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య దూరం నూరు కిలోమీటర్లకు పైమాటే. కాలినడకన మూడు నాలుగు రోజుల ప్రయాణం. పండుగకని ఖర్చులు పెట్టుకుని, కానుక చేతపట్టుకుని అంతదూరం నడిచి వచ్చిన గలిలయ రైతు ఇప్పుడు దాన్ని అక్కడే వదిలి, తిరిగి తన ఊరికి నడవాలి. అక్కడ సహోదరుడితో సమాధానపడి మళ్లీ యెరూషలేముకు రావాలి. ఆ కానుక అర్పించేసరికి వారం పైనే పడుతుంది. మనకైతే సహోదరుడి ఇల్లు రెండు వీధుల అవతలే ఉంది!

ఇందులో మనం గమనించకుండా దాటిపోయే విషయం మరొకటుంది. నీకు ఎవరిమీదైనా కోపముంటే అని ప్రభువు ఇక్కడ అనలేదు. ఎదుటివాడికి నీమీద అభ్యంతరముంటే అన్నాడు. మన మనసులో ఏమీ లేదని, మనం ఎవరినీ ద్వేషించడం లేదని చెప్పుకుని తప్పించుకునే దారి లేకుండా చేశాడు. మనవల్ల గాయపడిన మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడు, వెళ్లాల్సింది మనమే. మరి గాయపడినవాడి సంగతేమిటి? అతనికి మార్కు సువార్తలో జవాబుంది. ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరిమీదైనా అభ్యంతరముంటే క్షమించమన్నాడు ప్రభువు (మార్కు 11:25). తప్పు చేసినవాడు మత్తయి సువార్త చదివి, నష్టపోయినవాడు మార్కు సువార్త చదివి బయల్దేరితే ఇద్దరూ సగం దారిలోనే కలుసుకుంటారు. మన తంటా ఏమిటంటే తప్పు చేసినవాడు మార్కు సువార్త పట్టుకుని, అవతలివాడు తనను క్షమించడం లేదని ఫిర్యాదు చేస్తుంటాడు.

సమాధానపడటమంటే చేతులు కలిపి, టీ తాగి, ఫొటో దిగడం కాదు. ధర్మశాస్త్రం దీన్ని లెక్కలతో సహా చెప్పింది. పొరుగువాడిని మోసగించినవాడు, అతని సొత్తు అపహరించినవాడు అసలు మొత్తాన్ని, దానిమీద ఐదవ వంతు కలిపి సొంతదారుడికి ఇవ్వాలి. అపరాధ పరిహారబలి తెచ్చే రోజునే ఆ బాకీ కూడా తీర్చాలి (లేవీయకాండము 6:1-7). అంటే పదివేలు తిన్నవాడు పన్నెండువేలు చెల్లించాలి. బలి అర్పించాను కాబట్టి బాకీ మాఫీ అనే వెసులుబాటు మోషే ధర్మశాస్త్రంలో లేదు. జక్కయ్య ఇంకా ముందుకు వెళ్లాడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదేమైనా ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించింది ఆ మాటలు విన్న తర్వాతే. జక్కయ్య డబ్బిచ్చి రక్షణ కొనుక్కోలేదు. రక్షణ అతని ఇంట్లో అడుగుపెట్టగానే ముందు అతని డబ్బుపెట్టె తెరుచుకుంది.

ఇలా తిరిగి వెళ్లడం ఎంత కష్టమో యాకోబుకు తెలుసు. అన్నను మోసగించి పారిపోయిన అతను మామ ఇంట్లో 20 ఏళ్లు గడిపాడు. భార్యాపిల్లలు, మందలు, ఆస్తి అన్నీ వచ్చాయి. కాని ఏశావు ఎదురొస్తున్నాడని తెలియగానే గజగజలాడాడు. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 550 పశువులను ముందుగా కానుకగా పంపాడు (ఆదికాండము 32:13-15). ఆ రాత్రి యబ్బోకు రేవు దగ్గర దేవునితో పెనుగులాడాడు. తెల్లవారాక కుంటుకుంటూ వెళ్లి అన్న ముందు ఏడుమార్లు సాగిలపడ్డాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. అన్న ముఖం చూడటం దేవుని ముఖం చూసినట్టే ఉందని యాకోబు అప్పుడన్నాడు (ఆదికాండము 33:10). రాత్రంతా దేవునితో ఉన్నవాడికి తెల్లారాక అన్న ముఖంలో దేవుడు కనిపించాడు. ప్రార్థన అంతటితో ముగిసిపోకుండా అన్న దాకా నడిపించిందంటే అది అసలైన ప్రార్థన.

ఆది సంఘం ఈ విషయాన్ని చాలా గట్టిగా పట్టించుకుంది. ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు ఏకమనస్సు కలిగి ఉండాలని పౌలు పేరుపెట్టి మరీ బతిమాలాడు. వాళ్లకు సాయపడమని మరొకరిని కూడా కోరాడు (ఫిలిప్పీ 4:2,3). వాళ్లు సామాన్యులు కారు, సువార్త పనిలో పౌలుతో కలిసి ప్రయాసపడినవాళ్లు. కొరింథులో ధనికులు ముందే తినేసి, పేదలను ఆకలితో వదిలేసినప్పుడు, మీరు తినేది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చిచెప్పాడు (1 కొరింథీ 11:20-22). అయోగ్యంగా బల్లలో పాలుపొందడం గురించిన హెచ్చరిక ఆ వెంటనే వస్తుంది. మనం ఆ హెచ్చరికను సిగరెట్టుకూ సినిమాకూ వర్తింపజేసుకుని, పక్కన కూర్చున్న సహోదరుడి సంగతి మరిచిపోయాం. 'పన్నెండుమంది అపొస్తలుల బోధ' అనే ఆది సంఘకాలపు చిన్న గ్రంథం కూడా, స్నేహితుడితో తగవున్నవాడు సమాధానపడేదాకా ప్రభువు దినపు కూటంలో చేరకూడదని విధించింది.

ఆ వారసత్వం మన తెలుగు నేలమీద కూడా ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1950లో ఆ సంఘం సిద్ధపరచిన ప్రభు భోజన ఆరాధన క్రమంలో 'సమాధానం' ఇచ్చిపుచ్చుకోవడమనే భాగం ఉంది. కాపరి దగ్గర మొదలై ఒకరి చేతిని మరొకరు రెండు చేతులతో పట్టుకుంటూ చివరి వరుసదాకా ఆ సమాధానం అందుతుంది. అది కానుకలకు ముందు వస్తుంది. మత్తయి 5వ అధ్యాయంలోని వరుస అదే కదా! కాని మనం ఆ సమయంలో ఎవరివైపు తిరుగుతున్నాం? మనకు ఇష్టమైనవాళ్లవైపే. చెయ్యి చాచవలసిన ఆ ఒక్కరూ మరో చివర కూర్చుని ఉంటారు.

సమాధానపడిన సంఘాన్ని దేవుడెంతగా వాడుకుంటాడో చరిత్ర చూసింది. జర్మనీలోని సాక్సనీలో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు ఎస్టేటులో 1722 నుంచి మొరావియా కాందిశీకులు ఆశ్రయం పొందారు. వాళ్లు కట్టుకున్న ఊరి పేరు హెర్న్‌హట్. విశ్వాసం కోసం ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన ఆ భక్తులు అయిదేళ్లు తిరక్కుండానే సిద్ధాంతాలమీద కొట్లాడుకుని చీలిపోయే స్థితికి వచ్చారు. జిన్‌జెన్‌డార్ఫ్ ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. 1727 మే 12న కలిసి జీవించడానికి ఒక ఒడంబడిక రాసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు 13న పక్క ఊరు బెర్తెల్స్‌డార్ఫ్ చర్చిలో అందరూ కలిసి ప్రభు భోజనంలో పాలుపొందినప్పుడు వాళ్ల మధ్య గోడలు కూలిపోయాయి. ఆ నెలలోనే మొదలైన గడియారపు వంతుల ప్రార్థన నూరేళ్లకు పైగా ఆగలేదు. 1732లో అక్కడినుంచి ఇద్దరు మిషనరీలు వెస్టిండీస్‌లోని బానిసల మధ్యకు సువార్తతో బయల్దేరారు. ఆ సువార్త దండయాత్రకు తొలి అడుగు పొరుగింటి గుమ్మంలో పడిందన్నమాట.

మరి మనమెలా వెళ్లాలి? ముందుగా, ఒంటరిగా వెళ్లాలి. పదిమంది పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళితే అది పంచాయితీ అవుతుంది. రెండోది, మన తప్పు మాత్రమే ఒప్పుకోవాలి. 'నాది పొరపాటే కాని నువ్వు కూడా...' అన్నామంటే ఆ 'కాని' అన్న ఒక్క మాటతో పొరపాటంతా తిరిగి అతని గుమ్మంలో పడేసి వస్తాం. మూడోది, వట్టి చేతులతో వెళ్లకూడదు. తీసుకున్నది ఉంటే తీసుకెళ్లాలి. నాలుగోది, అతను తలుపు తీయకపోవచ్చు. శక్యమైనంతవరకు, మనవైపునుంచి అందరితో సమాధానంగా ఉండాలన్నదే లేఖనం మనకిచ్చిన ఆజ్ఞ (రోమా 12:18). అవతలివాళ్ల హృదయానికి మనం జవాబుదారులం కాము, మన అడుగులకు మాత్రం జవాబుదారులమే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి, మోసపోయి దిక్కులేక కోర్టు మెట్లెక్కిన విధవరాలికి ఈ వాక్యం చూపించి నోరు మూయించకూడదు. వెళ్లమన్న ఆజ్ఞ బాధపెట్టినవాడికి ఇచ్చినది. దాన్ని బాధితుల మెడకు చుట్టడం వాక్యాన్ని తలకిందులు చేయడమే. వాళ్ల పక్కన నిలబడటం సంఘం బాధ్యత.

మళ్లీ మన అన్నదమ్ముల దగ్గరికి వద్దాం. అన్నకు అడ్డొస్తున్నది నాలుగు సెంట్ల నేల కాదు, పెద్దరికం. చిన్నవాడు వాడే రావాలి, పెద్దవాణ్ణి నేను వెళ్లడమేమిటని అతని వాదన. బోధకుడూ ప్రభువూ అయినవాడు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాక (యోహాను 13:4,5), ఏ పెద్దరికం మనకు మిగిలింది? మనం దేవునికి శత్రువులుగా ఉన్నప్పుడే ఆయనే ముందుగా మనదాకా వచ్చాడు (రోమా 5:10). ఆ బల్లమీది రొట్టె చెప్పే కథ అదే.

ఏదో ఒక శనివారం సాయంత్రం ఆ అన్న తమ్ముడి ఇంటి గుమ్మం ముందు నిలబడితే ఎలా ఉంటుంది? 'తమ్ముడూ, గట్టు జరిపింది నేనే. రేపు వారంలో సర్వేయరును పిలిపించు. రాయి ఎక్కడ పాతమంటే అక్కడ పాతిస్తాను. ఇన్నేళ్లూ అక్కడ పండిన పంట కూడా లెక్కగట్టి ఇస్తాను' అంటే? తమ్ముడు వెంటనే కౌగిలించుకోకపోవచ్చు. 'ఆలోచించుకోనీ అన్నయ్యా' అని మాత్రమే అనొచ్చు. అయినా ఆరేళ్ల తర్వాత ఆ గుమ్మంలో 'అన్నయ్యా' అన్న మాట వినిపించింది కదా!

ప్రభువు కానుకను తిరస్కరించలేదని గుర్తుంచుకుందాం. దాన్ని ఇంటికి తీసుకుపొమ్మనలేదు, అక్కడే ఉంచమన్నాడు, తిరిగి వచ్చి అర్పించమన్నాడు. అంటే మనకోసం ఆయన కనిపెట్టుకుని ఉంటాడు. వచ్చే ఆదివారం కానుకల సంచి మన ముందుకు వచ్చేలోగా మనకింకా కొన్ని రోజులున్నాయి. గుర్తొచ్చిన ఆ ముఖం ఎవరిదో మనకు తెలుసు. ఆ ఇంటికి దారి కూడా తెలుసు. లేచి వెళదాం.